సముద్రం పక్కన ఫ్లాటు: ఏసీ కొనేముందు ఆన్‌లైన్ రివ్యూల్లో వేటిని లెక్కలోకి తీసుకోవాలి?

లాసన్స్‌బే_వాసి

అందరికీ నమస్కారం. విశాఖ లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. ఏసీ బయటి యూనిట్ బిగించాల్సిన గోడ నేరుగా సముద్రం వైపే ఉంది. 140 చదరపు అడుగుల పడకగదికి 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ కావాలి. వెతగ్గా వెతగ్గా రెండు మోడళ్ళు మిగిలాయి. మొదటిది 4.4, తొమ్మిది వేల పైచిలుకు రేటింగులు. రెండోది 4.1, దాదాపు 1,100 రేటింగులు, ధర ఇంకో 3,500 ఎక్కువ.

మొదటిదాని కింద ఐదు నక్షత్రాలవాళ్ళు "సూపర్ కూలింగ్" అంటున్నారు, ఒక నక్షత్రం వాళ్ళు "ఏడాది తిరక్కుండా గ్యాస్ పోయింది" అంటున్నారు. రెండోదానికి రివ్యూలే తక్కువ. ఇలాంటప్పుడు ఏం చదవాలి, ఏది వదిలెయ్యాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

సీతమ్మధార_తూకం

ముందు అంకెల సంగతి. 9,000 రేటింగుల మీద 4.4, 1,100 రేటింగుల మీద 4.1, రెండూ నిలకడైన సగటులే. ఇంకో వంద వచ్చి పడినా పెద్దగా కదలవు. కాబట్టి రెండోదానికి రేటింగులు తక్కువని భయపడక్కర్లేదు. ఆ 0.3 తేడా కూడా ఉత్తిదేం కాదు. కాకపోతే అది దేన్ని కొలుస్తోందో చూడాలి.

సరుకు చేరిన కొద్ది రోజులకే "ఎలా ఉంది, రేటింగు ఇవ్వండి" అని యాప్ అడుగుతుంది. చాలామంది అప్పుడే రాసేస్తారు. అప్పటికి తెలిసేది పెట్టె సొట్ట పడకుండా వచ్చిందా, బిగించేవాడు చెప్పిన రోజున వచ్చాడా, మొదటి రాత్రి గది చల్లబడిందా అన్నంతవరకే. ఉప్పుగాలికి కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాలు, వాటి మీది రేకులు) తట్టుకుంటుందా లేదా అన్నది రెండో ఏడాదిలో బయటపడుతుంది. అప్పటికి వెనక్కొచ్చి రివ్యూ మార్చేవాళ్ళు బహు తక్కువ. అంటే మీకు కావలసిన సమాచారం ఆ 4.4 లోపల దాదాపు లేదనే అనుకోండి.

ఇంకో చిక్కుంది. 1 టన్ను, 1.5 టన్ను, 2 టన్నులు, 3 స్టార్, 5 స్టార్ అన్నిటి రివ్యూలూ ఒకే పేజీలో కలిపి చూపించడం మామూలే. అమెజాన్‌లో ఒక్కో రివ్యూ పైన అది ఏ సైజుదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని బట్టి వడకట్టండి. తొమ్మిది వేలల్లో మీ మోడల్‌కి చెందినవి ఎన్నో అప్పుడు తేలుతుంది. పైగా అమెజాన్ చూపే నక్షత్రాలు మామూలు సగటు కూడా కాదు. రివ్యూ ఎంత కొత్తది, కొన్నట్టు ధ్రువీకరణ ఉందా వంటివి చూసి వాళ్ళ లెక్క వాళ్ళు వేస్తారు.

తేదీ కూడా ముఖ్యం. పేరులో "2025 మోడల్" అని ఉండి, రివ్యూలు మాత్రం 2022 నుంచి ఉన్నాయంటే పాత మోడల్ పేజీనే కొత్తదానికి వాడుతున్నారని అర్థం. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం మారితే లోపల కాయిల్, పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు), స్టార్ రేటింగు దేనిదైనా మారి ఉండొచ్చు. బీఈఈ (కరెంటు పొదుపుని బట్టి స్టార్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు స్టార్ ప్రమాణాలను అప్పుడప్పుడు బిగిస్తుంటారు. 2022 జులైలో ఏసీలకు అలా మారాయి. మార్పుకి ముందు 5 స్టార్ అని రాసిన రివ్యూ, ఇప్పటి 5 స్టార్ గురించి చెప్పినట్టు కాదు.

నేనైతే ఈ వరసలో చదవమంటాను. మీ టన్ను, మీ స్టార్ వడకట్టి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టండి. 2, 3 నక్షత్రాలవి మొత్తం చదవండి. బాగున్నదాన్నీ బాగోలేనిదాన్నీ ఒకేచోట చెప్పే ఓపిక ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. తర్వాత రివ్యూల్లో వెతికే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో రస్ట్, కరోజన్, కాయిల్, గ్యాస్ లీక్ అని కొట్టండి. అక్కడితో ఆపకండి. హిందీలో రాసేవాళ్ళు "జంగ్" అంటారు, తమిళంలో "తురు", మలయాళంలో "తురుంబు", మనవాళ్ళు "తుప్పు". ఈ మాటల్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. ఇంగ్లీషు మాటలకి దొరకనివి ఇక్కడ దొరుకుతాయి. ఫ్లిప్‌కార్ట్‌లో చాలా రివ్యూల కింద కొన్నవాళ్ళ ఊరు పేరు కూడా ఉంటుంది. మన విశాఖతో పాటు కాకినాడ, పూరీ, చెన్నై, పుదుచ్చేరి, మంగళూరు, కొచ్చి కనిపిస్తే ఆగి చదవండి. సముద్రం పక్కన పద్నాలుగు నెలలు నడిచిందని రాసిన ఒక్క రివ్యూ, మొదటి వారపు పొగడ్తలు వందకన్నా మీకు పనికొస్తుంది.

డెలివరీ ఆలస్యం, అమ్మకందారు బిల్లు పంపలేదు, సర్వీసువాడు ఫోన్ ఎత్తలేదు లాంటి ఒక నక్షత్రం రివ్యూలని పక్కన పెట్టెయ్యండి. అవి ఏసీ గురించి కావు.

---

ఔట్‌డోర్_యూనిట్

పైన చెప్పినదంతా సరే. గ్యాస్ ఫిర్యాదుల్ని ఎలా చదవాలో నేను చెప్తాను. అక్కడే ఎక్కువమంది పొరబడతారు.

ఏసీలో గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఎన్నాళ్ళకి తగ్గిందన్నదే కీలకం. బిగించిన నెలలోపే పోతే ఎక్కువగా ఫ్లేర్ జాయింటే. 1.5 టన్నుల స్ప్లిట్‌కి మామూలుగా పావంగుళం, అరంగుళం రాగి గొట్టాలు వస్తాయి. వాటి చివర గరాటులా విప్పి నట్టు బిగిస్తారు. విప్పినప్పుడు సన్నటి పగులు వచ్చినా, నట్టు తక్కువ బిగించినా, మరీ ఎక్కువ బిగించినా అక్కడ కారుతుంది, చుట్టూ నూనె మరక కనిపిస్తుంది. అది బిగించినవాడి తప్పు. వ్యాక్యూమ్ పంపు పెట్టకుండా లైన్లోని గాలిని కాస్త గ్యాస్‌తో బయటికి తోసేసి సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. "మొదటి నుంచీ కూలింగ్ అంతంతమాత్రమే" అన్న రివ్యూల్లో కొన్నిటికి కారణం అదే. వీటిని మోడల్ ఖాతాలో వేయకండి.

పది నెలలకో, ఏడాదిన్నరకో పోయిందంటే, అందులోనూ "కాయిల్ మార్చాలన్నారు" అని ఉంటే, అది లెక్కలోకి తీసుకోవలసిన రివ్యూ. "గ్యాస్ నింపారు, రెండు నెలలకి మళ్ళీ పోయింది" అన్నా అదే కోవ. కారే చోటు వెతక్కుండా నింపి వెళ్ళారన్నమాట. ఇలాంటివి మొదటి మోడల్ కింద ఎన్ని ఉన్నాయో, ఏ ఊళ్ళవో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. రెండో మోడల్‌కీ అలాగే చేసి, వడకట్టాక మిగిలిన రివ్యూల్లో వందకి ఎన్నో చూడండి. ఉత్త సంఖ్యలు పోల్చకండి. తొమ్మిది వేల దాంట్లో ఫిర్యాదులూ ఎక్కువే కనిపిస్తాయి.

"వంద శాతం కాపర్, సముద్రం పక్కన కూడా తుప్పు పట్టదు" అని రివ్యూల్లో తెగ రాస్తారు. సగమే నిజం. రాగి అన్నది గొట్టాలకే. వాటి మీద పలచటి రేకుల్లా ఉండే ఫిన్‌లు అల్యూమినియం. రాగి, అల్యూమినియం తగిలి ఉన్నచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కరిగిపోతుంది. ఫిన్‌లు తెల్లటి పొడిలా రాలిపోతాయి, వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, గది చల్లబడదు, బిల్లు పెరుగుతుంది. గ్యాస్ నిండుగా ఉండి కూడా ఇలా అవుతుంది. నీలం రంగో బంగారు రంగో ఉంది కాబట్టి మంచి పూత అనుకోవద్దు. రంగు చూసి నాణ్యత చెప్పలేం. నీలం పూత ప్రధానంగా నీటి బొట్లు నిలవకుండా జారిపోవడానికి. తుప్పు నుంచి కొంత కాపాడుతుంది, అంతే.

అందుకే మాటలకన్నా ఫోటోలు చూడండి. కొన్నవాళ్ళు ఏడాది దాటాక పెట్టిన బయటి యూనిట్ ఫోటో దొరికితే పెద్దది చేసి నాలుగు చోట్లు గమనించండి: పక్క ప్యానెల్ స్క్రూల తలలు, అడుగు రేకు అంచులు, ఫ్యాన్ ముందు జాలీ వెల్డింగు కీళ్ళు, వెనక ఫిన్‌లు గొట్టాన్ని తాకే చోటు. స్క్రూ మాత్రమే ఎర్రబడితే ఫర్వాలేదు. ఫిన్‌ల మీద తెల్లటి మచ్చలుంటే ఆలోచించండి.

ఇంకో రెండు మాటలు. ఢిల్లీ, నాగపూర్‌ల నుంచి "45 డిగ్రీల్లో కూలింగ్ లేదు" అనే రివ్యూలు మన ఊరికి అంతగా వర్తించవు. ఇక్కడ ఎండకన్నా ఉక్కపోత పెద్ద సమస్య. ఏసీ తేమ బాగా లాగుతుందా, డ్రై మోడ్ సరిగా పనిచేస్తుందా అన్నది చూడండి. "లోపలి యూనిట్ నుంచి నీళ్ళు కారుతున్నాయి" అన్నది మాత్రం డ్రైన్ పైపు వాలు సరిగా పెట్టకపోవడం వల్లో, ట్రేలో మట్టి పేరుకోవడం వల్లో వచ్చేదే ఎక్కువ. మన తేమకి ఆ పైపులోంచి వచ్చే నీళ్ళూ ఎక్కువే కాబట్టి బిగించేటప్పుడే వాలు చూసుకోండి.

1.5 టన్నులంటే లెక్క ప్రకారం దాదాపు 5,275 వాట్లు. అదే పేరుతో 4,700 మొదలుకొని 5,100 దాకా రకరకాలుగా అమ్ముతున్నారు. బీఈఈ లేబుల్ మీద వాట్లలో రాసి ఉంటుంది. "పేరుకి 1.5, చల్లదనం 1 టన్నుదే" అన్న రివ్యూకి సమాధానం చాలాసార్లు ఆ లేబుల్లోనే దొరుకుతుంది.

---

ఎంవీపీ_సెక్టార్6

సీతమ్మధార_తూకం గారూ, ఒక్క విషయం ఒప్పుకోలేను. సర్వీసు గురించిన ఒక నక్షత్రం రివ్యూలు వదిలేయమన్నారు. సముద్రం పక్కన ఏసీ కొనేవాళ్ళకి సర్వీసు కూడా వస్తువులో భాగమే. కాయిల్ ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అప్పుడు విడిభాగం వారంలో వస్తుందా, నడివేసవిలో నలభై రోజులు ఆగాలా అన్నదే అసలు ప్రశ్న.

కాకపోతే లక్నోలో సర్వీసు బాగోలేదన్నది మనకి అక్కర్లేదు. సర్వీసు చాలాచోట్ల స్థానిక ఫ్రాంచైజీ చేతిలో ఉంటుంది, ఊరు మారితే మనుషులే మారిపోతారు. కాబట్టి కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ 530017 చెప్పి మూడే అడగండి: ఈ పిన్‌కోడ్ చూసేది ఎవరు? ఈ మోడల్ కండెన్సర్ కాయిల్ (బయటి యూనిట్‌లోది) విశాఖలో స్టాకు ఉంటుందా, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రావాలా? కాయిల్ మీద వారంటీ ఎన్నేళ్ళు, గ్యాస్ నింపడం అందులో కలుస్తుందా? "కంప్రెసర్‌కి పదేళ్ళు" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు గానీ మనకి పోయేది కంప్రెసర్ కాదు. వారంటీ కార్డులో మినహాయింపుల పేరా కూడా చదవండి. ఉప్పుగాలి వల్ల వచ్చిన తుప్పు వర్తించదని కొన్ని కార్డుల్లో రాసి ఉంటుంది. ఆ కార్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ముందే దొరుకుతుంది.

ఆ సర్వీసు సెంటర్ పేరు తెలిశాక గూగుల్ మ్యాప్స్‌లో దాని రివ్యూలు చూడండి, కానీ సగటు చూడకండి. పని అయ్యాక గుమ్మంలోనే నిలబడి ఐదు నక్షత్రాలు కొట్టించుకునే అలవాటు ఉంది. ఒక టెక్నీషియన్ పేరు, ఒక్క వాక్యం పొగడ్త, ఇలాంటివి వరసగా ఉంటాయి. కొత్తవి ముందు పెట్టి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాసినవి మాత్రమే చదవండి. రద్దీలో ఎలా పనిచేస్తారో అక్కడ తెలుస్తుంది.

---

సీతమ్మధార_తూకం

మీరన్నది సబబే. ఊరు తెలిసిన సర్వీసు రివ్యూని లెక్కలోకి తీసుకోవాలి, తెలియనిదాన్ని వదిలెయ్యాలి. నా మాటని అలా సవరించుకుని చదవండి.

---

డాబాగార్డెన్స్_దారి

దొంగ రివ్యూల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

"వెరిఫైడ్ పర్చేజ్", "సర్టిఫైడ్ బయ్యర్" అన్న గుర్తు ఉంటే చాలు అనుకోకండి. అక్కడ కొన్నారని మాత్రమే ఆ గుర్తు చెప్తుంది. డబ్బిచ్చి రాయించేవాళ్ళు ముందు కొనిపించి, ఐదు నక్షత్రాలు పడ్డాక వేరే దారిలో డబ్బు తిరిగి ఇస్తారు. గుర్తు అప్పుడూ ఉంటుంది. స్టాండులు, కవర్లు, స్టెబిలైజర్ల లాంటి చిన్న సామాన్ల పెట్టెల్లో "ఐదు నక్షత్రాలిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే క్యాష్‌బ్యాక్" అనే కార్డులు వస్తాయి. ఆ కార్డు ఫోటో ఎవరైనా రివ్యూలో పెట్టి ఉంటే ఆ వస్తువు రేటింగు మొత్తాన్నీ అనుమానించండి. అమెజాన్‌లో "వైన్" అని ఉంటే వస్తువు ఉచితంగా ఇచ్చి రాయించిన రివ్యూ. అది దొంగది కాదు, కాకపోతే సొంత డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చూపు అందులో ఉండదు.

పట్టుకోవడానికి నేను చూసేవి ఇవి. మోడల్ పూర్తి పేరు నంబరుతో సహా పొగడ్తలో పదేపదే రావడం. మామూలు మనిషి "ఏసీ బాగుంది" అంటాడు. రెండు మూడు రోజుల్లో గుంపుగా ఐదు నక్షత్రాలు పడి, తర్వాత నెలంతా మౌనం. కాకపోతే పెద్ద సేల్ అయిన వారం రోజులకీ ఇలాగే గుంపు వస్తుంది, అది సహజమే, తేదీలు చూసుకోండి. రాసినవాళ్ళ పేరు మీద నొక్కితే ఒకే రోజు ఏసీ, జుట్టునూనె, చార్జర్, కుక్క తిండి అన్నిటికీ ఐదేసి నక్షత్రాలు కనిపించడం. "సూపర్, బాగుంది అన్నా" అని రెండు ముక్కల్లో ఉన్నవి చాలావరకు నిజమైనవే. వాటిలో సమాచారం లేదు, అంతే. పేజీ పైన కంప్యూటర్ రాసిపెట్టే సారాంశాన్ని కూడా నమ్ముకోవద్దు. ఎక్కువమంది అన్నదాన్ని అది పైకి తెస్తుంది, పద్నాలుగో నెలలో వచ్చిన నాలుగు తుప్పు ఫిర్యాదులు అందులో కలిసిపోతాయి.

చట్టం సంగతి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూ రాయకూడదు. రివ్యూలని ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవాళ్ళు నిజమైన మనుషులేనా అని సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవి వేయకూడదని అందులో ఉంది. స్వచ్ఛందంగా పాటించడానికే తెచ్చారు కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోకండి. ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి.

ఇది మాత్రం దయచేసి ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి. టెలిగ్రామ్‌లో "రేటింగులు ఇస్తే రోజుకి ఇంత" అని మొదట వంద, రెండు వందలు నిజంగానే వేసి, తర్వాత "పెద్ద టాస్క్‌కి ముందు డబ్బు కట్టండి" అంటారు. కట్టింది తిరిగి రాదు. కట్టేశాక తెలిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

---

లాసన్స్‌బే_వాసి

చాలా థాంక్స్ అండి. చెప్పినట్టు వడకట్టి చూశాను. మొదటిదాంట్లో నా సైజువి 700 దాకానే ఉన్నాయి, తీర ప్రాంతాల కాయిల్ ఫిర్యాదులు అందులో బాగానే కనిపిస్తున్నాయి. రెండోదాంట్లో తక్కువ. దాని వైపే మొగ్గుతున్నాను.

ఇంకో రెండు సందేహాలు. "కరెంటు బిల్లు సగానికి తగ్గింది" అన్న రివ్యూలకి విలువ ఉందా? బయటి యూనిట్ స్టాండు కూడా ఆన్‌లైన్లోనే చూస్తున్నాను, ఒకటి 4.8 ఉంది గానీ 12 రేటింగులే, ఇంకోటి 4.3 ఉంది, 900 రేటింగులు. ఏది?

---

సీతమ్మధార_తూకం

స్టాండుకి ఒక చిన్న లెక్క వాడండి. ప్రతి వస్తువుకీ మనమే 3.5 చొప్పున పది రేటింగులు కలిపి సగటు మళ్ళీ తీయాలి. 12 రేటింగులది: 57.6కి 35 కలిపి 22తో భాగిస్తే 4.2. 900 రేటింగులది: 3,870కి 35 కలిపి 910తో భాగిస్తే 4.29. అంటే 4.8 ముందంజలో లేదు. పన్నెండు మందే అయినప్పుడు అమ్మినవాడి చుట్టాలు కొందరు చేరినా ఆ అంకె మారిపోతుంది.

బిల్లు రివ్యూలకి విలువ లేదు. ఈపీడీసీఎల్ బిల్లు స్లాబుల్లో పెరుగుతుంది, పాత ఏసీ ఏదో, రోజుకి ఎన్ని గంటలో ఎవరూ రాయరు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది, అది 1,600 గంటల లెక్క. మీరు ఏడాదికి 2,400 గంటలు వాడితే దాన్ని ఒకటిన్నరతో గుణించుకోండి. లేబుల్ మీద 750 ఉంటే మీకు 1,125 దాకా అవుతుంది.

---

ఔట్‌డోర్_యూనిట్

స్టాండు రేటింగుతో కొనకండి. పౌడర్ కోటింగ్ ఇనుప స్టాండుకి డ్రిల్లు చేసినచోట, బోల్టు రాసుకున్నచోట పూత పోతుంది, లాసన్స్ బే గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. మూడో అంతస్తు నుంచి కింద మనుషులు నడిచే దారి మీదికి వేలాడే బరువు అది. హాట్ డిప్ గాల్వనైజ్డ్‌దో (కరిగిన జింకులో ముంచి పూత వేసినది), స్టెయిన్‌లెస్ స్టీలు 304 గ్రేడుదో తీసుకోండి. బోల్టులు, వాషర్లు కూడా 304వే కావాలి. స్టాండు మంచిది కొని మామూలు బోల్టులు వేస్తే లాభం లేదు. డాబాగార్డెన్స్ దుకాణాల్లో చేత్తో పట్టుకు చూసి కొనడమే మేలు.

ఏసీ ఆర్డరు పెట్టేముందు ఆ పేజీలో రీప్లేస్‌మెంట్ గడువు ఎన్ని రోజులో, టెక్నీషియన్ వచ్చి లోపం ఉందని రాస్తేనే ఇస్తారో లేదో చూసుకోండి. పెద్ద సామాన్లకి ఎక్కువగా అలాగే ఉంటుంది. పెట్టె వచ్చాక గోడ పని అవలేదని పక్కన ఉంచేయకండి, గడువు పెట్టె చేరిన రోజు నుంచే నడుస్తుంది. పెట్టె విప్పడం వీడియో తీయండి. లోపలి యూనిట్, బయటి యూనిట్ సీరియల్ నంబర్లు బిల్లుతో సరిచూడండి. బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడపమని, ఫ్లేర్ జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి చూపించమని అడగండి. నెలకోసారి బయటి యూనిట్ స్విచ్ ఆపి, ఫిన్‌ల మీద మంచినీళ్ళు సన్నటి ధారగా పోసి ఉప్పు కడిగేయండి. ప్రెషర్ వాషర్ వాడితే ఫిన్‌లు వంగిపోతాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవీ వద్దు, కుళాయి నీళ్ళే పట్టండి.